పన్నెండణాల చెడుగుడు

ఆరణాలు

పోపు గింజలు ఈ రోజు కూడా ఇంటి కప్పుకి తగిలాయి. మూత పెట్టడం మరిచింది నేను, తిట్లు తిన్నవి ఆవాలు. భూమ్మీద బరువు పదహారణాలనుకుంటే అంతరిక్షంలో తిరిగే మా నాగావళి చక్రంలో ఆరణాలే. నూనెలో ఆవగింజ చిటపటమందంటే ఎగిరి పైన తగిలి, నింపాదిగా ఆలోచించుకుని కిందికి దిగుతుంది.

నేను పైడితల్లిని. ఈ చక్రంలో ఆటల గది నాది. కాళ్ళలో సత్తువ లేని పిల్లలు, గోల పడని పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు, ఏ ఇబ్బందీ లేని పిల్లలు, అందరినీ కలిపి ఆడిస్తాను. ఆస్పత్రివాళ్ళు దీన్ని వైద్యం అంటారు, పిల్లలు ఆట అంటారు, నేను ఎవరితోనూ వాదించను. జరిగింది జరిగినట్టు రాసిపెట్టమన్నారు కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం చెడుగుడు. కూతకి వెళ్ళింది నూకాలు. పదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే దాని కాళ్ళలో కండ తక్కువ. చిన్నప్పుడు నా దగ్గరికి తెచ్చేసరికి అరచేతిలో దూదిపింజని కూడా ఊది ఎగరెయ్యలేకపోయేది. ‘చెడుగుడు చెడుగుడు’ అని ఒక్క ఊపిరిలో కూత పెట్టడమే దానికి నేనిచ్చిన మందు. ఇప్పుడు చూడాలి దాన్ని. గీత దాటి అవతలి జట్టులోకి వెళ్ళింది, ఇద్దర్ని ముట్టుకుంది, దాలినాయుడి తల మీంచి గెంతి, ఊపిరి తెగకుండా ఇవతల పడింది. దాలినాయుడు అవతలి జట్టు నాయకుడు, రాయిలాంటి కుర్రాడు. ఆరణాల బరువులో వాడి కండకి పనిలేదు.

“రెండు పాయింట్లు,” అన్నాడు తవుడు, గోడమీద సుద్దముక్కతో గీతలు పెడుతూ. తవుడు చెవులకి మెత్తని దిండ్లు కట్టుకుని తిరుగుతాడు, గోల పడదు వాడికి. మనిషి మొహంలోకి చూడడు, అబద్ధం ఆడడు, నియమం తప్పితే అన్నం తినడు. అందుకే వాడు మా అంపైరు.

ఆట అయ్యాక డాక్టర్ ఫరీదా వచ్చి వార్త చెప్పింది. చక్రంలో పుట్టిన పిల్లల ఎముకలు గుల్లబారుతున్నాయట. చక్రం వేగం పెంచి, నెలకో అణా చొప్పున బరువు ఎక్కించి, చివరికి పదహారణాలకి తెస్తారట.

“అందరికీ మంచిదే పైడితల్లిగారూ.”

“ఆ అందరిలో నూకాలు ఉందా?” అన్నాను.

నాకు ఒళ్ళు మండిన మాట నిజం. కానీ ఆవిడ చూపించిన ఎముకల బొమ్మల్లో నూకాలుది కూడా ఉంది. తెల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగులో ఉంది.

ఏడణాలు

పొద్దున్న కూర్చో గంట మోగింది. చక్రం వేగం అందుకునేదాకా ఎక్కడివాళ్ళు అక్కడ నేలమీద చతికిలబడి, దొర్లిపోయే సామాను ఒళ్ళో పెట్టుకోవాలి. ఎవరూ లేవకూడదు. నేను పెసరపిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నందాకా కూర్చున్నాను.

ఊళ్ళో చక్రం తిప్పేది మేమేనని చెప్పుకునే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు గానీ, నిజంగా తిప్పేది నూకాలు తల్లి బంగారమ్మ. ఇంజన్ల గదిలో మీట ఆవిడ చేతిలో ఉంటుంది. సాయంత్రం కనిపిస్తే, “ఏటమ్మా, ఊరంతటినీ చతికిలబెట్టీసేవు,” అన్నాను. ఎప్పుడూ గలగలా నవ్వే మనిషి, పెదవి కదిపి ఊరుకుంది.

పిల్లలకి మాత్రం పండగే. ఎగిరి అందుకోబోయిన చోట అందక, దిగాల్సిన చోట దిగక ఒకరిమీద ఒకరు పడ్డారు. దాలినాయుడు గోడకి గుద్దుకుని, గోడ జరిగిందన్నాడు. నూకాలు పడలేదు. ముట్టుకుంది, వచ్చేసింది. ఒక్క పాయింటు.

ఎనిమిదణాలు

నూకాలు పడింది. గెంతిన పిల్ల గెంతినచోటే కూలబడి, కాళ్ళవైపు చూసుకుంది. నన్ను మోసం చేశారేంటర్రా అన్నట్టు చూసింది వాటిని. నేను పరుగెత్తుకెళ్ళి లేపాను.

“నాను లేగుత్తానత్తా, ఒగ్గీ,” అంది. లేవడానికి చాలాసేపు పట్టింది. అవతలి జట్టు, ఇవతలి జట్టు అలాగే నిలబడి చూశాయి.

డాక్టర్ ఫరీదా నన్ను పక్కకి పిలిచింది. చక్రం నడుమకి దగ్గరగా పైన ఒక అంతస్తు కడుతున్నారు. కింద ఎంత పెరిగినా అక్కడ బరువు తక్కువగానే ఉంటుంది. ఈ బరువు మొయ్యలేనివాళ్ళు అక్కడే ఉంటారు.

“ఉండి, మళ్ళీ కిందికి వస్తారా?”

“ఒళ్ళు తేలిక బరువుకి అలవాటు పడితే రావడం కష్టం. రాలేరనే చెప్పాలి.”

“నూకాలుకి తల్లి తప్ప ఎవరున్నారు? బంగారమ్మ పని కింద.”

“నాకు తెలుసు. వినండి. తన ఒంటితో తను కష్టపడి, రోజూ చెమట పట్టేలా, రొప్పేలా ఏదో ఒకటి చెయ్యగలిగితే ఆ పిల్ల గుండె, ఊపిరితిత్తులు బరువుతోపాటే గట్టిపడతాయి. అప్పుడు కిందే ఉంచుతాను. పన్నెండణాలప్పుడు వచ్చి చూస్తాను. నేను చూసేది అదొక్కటే.”

రోజూ నడక, నిలబడటం, మెట్లు. పొద్దున్న ఒక విడత, సాయంత్రం ఒక విడత. నిలబెట్టకపోతే నేను పైడితల్లినే కాదు.

తొమ్మిదణాలు

మళ్ళీ గెలుస్తోంది! చేతికర్ర పట్టుకుని గీత దాటుతుంది, ముగ్గుర్ని నలుగుర్ని ముట్టుకుంటుంది, తిరిగి వస్తుంది. వాళ్ళు పట్టుకోబోతారు, చెయ్యి జారిపోతుంది. అందరూ చప్పట్లు. నా మెట్ల చలవేనని లోలోపల మురిసిపోయాను.

ఆ మురిపెం ఈ రోజుతో సరి.

నూకాలు ఐదుగుర్ని ముట్టుకుని వచ్చి, గోడవైపు చూసింది. “తవుడూ, ఐదు గీతలు పెట్టలేదేం?”

“నీకు గీతలుండవు,” అన్నాడు తవుడు. “నువ్వు అరటిపండువి కదా.”

మా పిల్లల ఆటల్లో ఇదో ఆచారం. ఆడలేని చిన్నపిల్లలు ఆడతామని ఏడిస్తే, కాదనకుండా అరటిపండుగా చేర్చుకుంటారు. ఆ పిల్ల పరుగెత్తుతుంది, అరుస్తుంది, ఎవరూ పట్టుకోరు. అవుటూ లేదు, పాయింటూ లేదు. ఆ సంగతి ఆ పిల్లకి చెప్పరు.

“ఎవులన్నారు?” అంది నూకాలు.

“దాలినాయుడు చెప్పేడు. అందరూ ఒప్పుకున్నారు. నువ్వు పడితే దెబ్బ తగులుతాదని.”

దాలినాయుడు తల దించుకున్నాడు. “బాధపడతావని గానీ, మరేటి లేదు నూకాలూ. నువ్వు లేకపోతే ఆటేటి?”

“నాను లేనే లేను కదేటి ఆటలో!” అని అరిచింది. ఆ అరుపుకి తవుడు చెవులు మూసుకుని గోడవారన ముడుచుకుపోయాడు. నూకాలు చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు దాకా వెళ్ళడానికి దానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ మేమందరం చూస్తూ నిలబడ్డాం.

ఎవర్ని తిట్టను? పిల్లలు ప్రేమతో చేశారు. పట్టుకునేవాడు లేనప్పుడు నూకాలుకి చెమట పట్టలేదనీ, కూత మధ్యలో ఆగినా ఎవరూ ఆపలేదనీ నేను గమనించాల్సింది. మురిసిపోతూ కూర్చున్నాను. అందరికంటే నామీద నాకే కోపంగా ఉంది.

పదణాలు

నూకాలు ఆటకి రావడం మానేసింది. నేనే వాళ్ళింటికి వెళుతున్నాను. గోడకి కొయ్య బిగించి, దాన్ని పట్టుకుని నిలబడమంటాను. నిలబడుతుంది. కాళ్ళు వణుకుతాయి, చెమట పట్టకముందే కూలబడుతుంది. మళ్ళీ లే అంటాను.

“నిలబడ్డమే ఆటేటత్తా?” అంది ఈ రోజు. “ఆటంటే పట్టుకోడం, తప్పించుకోడం. నువ్వు నన్ను ఒట్టినే నిలబెడతన్నావు.”

“ముందు నిలబడు, ఆటలు తరవాత.” పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం నేను. అది కూడా తక్కువది కాదు. కొయ్య వదిలేసి, నేలమీద కూర్చుని, అరచేతులతో నెట్టుకుంటూ చరచరా వంటగదిలోకి వెళ్ళిపోయింది.

“అలా పాకకు, లేచి నడువు!” అని వెనకనించి కేకలేశాను.

పదణాలే

నెల దాటింది. కూర్చో గంట మోగలేదు. పదకొండో అణా ఎక్కలేదు. ఇంజన్ వేడెక్కుతోందట, చక్రం ఇరుసుకి ఏదో అయిందట. నా వంటింట్లో ఆవాలు నడుం ఎత్తు దాకా లేచి పడుతున్నాయి.

సాయంత్రం బంగారమ్మ నా గదికి వచ్చి, కుర్చీ ఉండగా నేలమీద కూర్చుంది.

“ఇరుసుకి ఏటీ అవలేదప్పా. మీట మీద చెయ్యేసేను. నా పిల్ల కాళ్ళు గురుతొచ్చీసేయి. చెయ్యి రాలేదు.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఊరందరి ఎముకలూ నా చేతిలో ఉన్నాయి. నాకు తెలుసు. ఆ అణా నానెక్కించీసి, ఆ బరువుకి నా పిల్లని పైకి పంపించీస్తే, నాను మడిసినేనా అప్పా?”

పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఏడిస్తే ఇరుసు తిరగదని తెలుసు.

మర్నాడు వాళ్ళింటికి వెళితే, నేను నోరు విప్పకముందే నూకాలు తల్లితో అంది, “అమ్మా, తవుడు చెప్పేడు, ఇరుసు బాగానే ఉందట. చప్పుడు వింటే తెలిసిపోతాదట వాడికి. నాకోసం ఆపీసేవు కదా?”

బంగారమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

“వాళ్ళు ఆటలో నన్ను అరటిపండుని చేసేరు. నువ్వు ఊరు ఊరంతట్లోనూ చేసీసేవు. తిప్పీయే అమ్మా.”

తల్లి లేచి చీర సర్దుకుని పనికి వెళ్ళింది.

పదకొండణాలు

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి.

కూర్చో గంట మోగేసరికి పిల్లలందరూ ఆటల గదిలో ఉన్నారు. నూకాలు కూడా ఉంది. ఆడటానికి రాలేదు, తవుడికి చెవిదిండ్లు కుట్టి తెచ్చింది. అరిచినందుకు అదీ దాని క్షమాపణ. తవుడు దిండ్లు తీసుకుని, “ఎడమది కొంచెం పెద్దది,” అన్నాడు.

అందరం నేలమీద చతికిలబడ్డాం. చక్రం మూలుగుతోంది. లేవకూడదు, నడవకూడదు. పిల్లలు ఎంతసేపని ఊరుకుంటారు? దాలినాయుడు పక్కవాణ్ణి గిల్లాడు. వాడు వీడి కాలు లాగాడు. వీడు కూర్చునే వెనక్కి జరగబోయాడు, జరగలేక వెల్లకిలా పడ్డాడు. అందరూ నవ్వారు. పడ్డవాడి నోట్లోంచి ‘చెడుగుడు’ అని వచ్చేసింది, అలవాటు కదా. నడుమ గీత ఎప్పుడూ నేలమీదే ఉంది.

ఇక చూసుకోండి. కూర్చునే కూత, కూర్చునే పట్టు. కాళ్ళున్న మహారాజులకి కూర్చుని కదలడం ఎవరు నేర్పారు? మూటల్లా దొర్లుతున్నారు. దాలినాయుడు రెండు జానలు జరిగి, “నేల గరుకుగా ఉందత్తా,” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు!

నూకాలు కాసేపు చూసింది. అరచేతులు లంగాకి తుడుచుకుంది. ‘చెడుగుడు చెడుగుడు చెడుగుడు’ అంటూ గీత దాటింది. నెలల తరబడి ఇంట్లో వంటగదికీ గుమ్మానికీ మధ్య నేను వద్దు వద్దన్న ఆ పాకుడే. ఇద్దర్ని ముట్టుకుని, దాలినాయుడి చెయ్యి తప్పించుకుని, చరచరా వెనక్కి వచ్చి గీత తాకింది.

అందరూ తవుడి వంక చూశారు. వాడు గోడవైపు జరిగి సుద్దముక్క అందుకున్నాడు. “కూర్చునే ఆటలో అరటిపళ్ళు ఎవరో ఎవరూ చెప్పలేదు,” అన్నాడు. “కాబట్టి ఎవరూ లేరు. రెండు పాయింట్లు.” గీతలు పెట్టాడు.

నూకాలు ఆ రెండు గీతల్నీ చూస్తూ ఉండిపోయింది. నుదురంతా చెమట. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, నా కొయ్య గుర్తొచ్చి సిగ్గూ వచ్చింది.

రేపటి నుంచి మా ఆటల గదిలో చెడుగుడు అంటే కూర్చునే చెడుగుడే. నేల విడిచి లేస్తే అవుట్. ఇది నూకాలు కోసం పెట్టిన నియమం కాదు, అందరికీ నియమం. నేను రాశాను, తవుడు సరిచూశాడు.

పన్నెండణాలు

నెల రోజుల్లో కుర్రాళ్ళు ఆరితేరారు. దాలినాయుడి చేతులు కాయలు కాచాయి. “ముడ్డి అరిగిపోనాదత్తా,” అంటూనే అందరికంటే ముందు వస్తాడు. ఇప్పుడు నూకాలుకి ఆట అంత సులువు కాదు. రోజూ రొప్పుతూ ఇంటికి వెళుతోంది, రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింటోందని బంగారమ్మ చెప్పింది.

ఈ రోజు డాక్టర్ ఫరీదా వచ్చింది. నూకాలు ఛాతీకి గుండె వేగం లెక్కపెట్టే పట్టీ కట్టి, తను గోడవారన కూర్చుంది. బంగారమ్మ పని దుస్తుల్లోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

ఆట ముందు పిల్లల్ని పిలిచి ఏమైనా చెబుదామనుకున్నాను. మెల్లగా ఆడండర్రా, ఈ ఒక్క రోజుకీ అని. నోటిదాకా వచ్చింది. నూకాలు నా మొహం చూసి, “ఏటీ చెప్పకత్తా,” అంది. చెప్పలేదు.

చివరి కూత నూకాలుదే. వెళ్ళింది. ఒకణ్ణి ముట్టుకుంది. రెండోవాడు దొర్లి తప్పించుకున్నాడు, వెంటపడి వాణ్ణీ ముట్టుకుంది. తిరిగింది. గీత మూరెడు దూరంలో ఉందనగా దాలినాయుడు బోర్లా పడి మడమ పట్టుకున్నాడు.

కూత ఆగలేదు. చెడుగుడు, చెడుగుడు. వేళ్ళు గీతకేసి చాచింది. మొహం ఎర్రబడింది, మెడనరాలు తేలాయి. దాలినాయుడు డాక్టర్ వంక చూశాడు, నా వంక చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళు. పట్టు సడలబోతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది. వదిలెయ్యరా నాయనా అని నా మనసు అరుస్తోంది, దాచడమెందుకు.

“వదిలీకు!” అంది నూకాలు.

మాట్లాడితే కూత తెగినట్టే. అది దానికీ తెలుసు.

తవుడు గోడవైపు తిరగలేదు, ఎవరి మొహమూ చూడలేదు. మామూలు గొంతుతో చెప్పాడు. “కూత తెగింది. నూకాలు అవుట్.”

గుమ్మంలో బంగారమ్మ గోడకి ఆనుకుంది.

నూకాలు గీత పక్కకి జరిగి, అవుటైనవాళ్ళు కూర్చునే చోట కూర్చుంది. రొప్పుతోంది. మాట రావడం లేదు. వెంట్రుకలు నుదుటికి అంటుకుపోయాయి. నవ్వు మాత్రం ఆగడం లేదు దానికి.

డాక్టర్ ఫరీదా లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. వీపుమీద చెయ్యేసి, ఆ ఊపిరి ఎగిసిపడటం చాలాసేపు చూసింది. పట్టీ మీద వెలిగే అంకెలు చూసింది.

“ఓడిపోయావా అమ్మా?”

“అవుటయిపోనాను డాక్టరమ్మా,” అంది నూకాలు, ఊపిరికీ ఊపిరికీ మధ్య. “నిజం అవుట్. తవుడు చెప్పేడు.”

డాక్టర్ గుమ్మంవైపు తిరిగింది. “బంగారమ్మగారూ, మిగతా అణాలు మెల్లగా ఎక్కించండి. మీ అమ్మాయి ఇక్కడే ఉంటుంది.”

బంగారమ్మ అప్పుడు లోపలికి వచ్చింది. కూతుర్ని ఎత్తుకోబోతే అది ఒప్పుకోలేదు. ఆట అయ్యేదాకా అవుటైనవాళ్ళు లేవకూడదట.

పదమూడణాలు

ఆవాలు ఇప్పుడు మూకుడు అంచు దాటి జానెడుకి మించి లేవడం లేదు. కొన్నాళ్ళకి మూతతో అంత పని ఉండదు. ఎందుకో మనసు చివుక్కుమంది.

నూకాలు కూడా మారింది. ఇది వరకు గెంతేది, ఇప్పుడు గెంతలేదు. రోజూ పొద్దున్న కొయ్య పట్టుకుని తనంతట తానే నిలబడుతోంది, చేతులకి బలం రావాలట, దాలినాయుడి మీద పగ తీర్చుకోవాలట.

ఈ సాయంత్రం ఒకడు తక్కువైతే నేను ఆటలోకి దిగాను. ఒకప్పుడు నేనూ ఆడినదాన్నే. కూత మొదలెట్టాను, కూర్చునే జరుగుతూ గీత దాటాను, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు, మోకాలు పట్టేసింది. పిల్లలు పట్టుకోబోయారు, చేతులు జారిపోయాయి. ముగ్గుర్ని ముట్టుకుని వీరనారిలా తిరిగి వచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు.

గోడవైపు చూశాను. గీతలు లేవు.

“తవుడూ!” అన్నాను. వాడు తల వంచుకుని సుద్దముక్క తిప్పుతున్నాడు.

“ఎవుల్రా ఒప్పుకున్నది?”

“అప్పుడున్నవాళ్ళందరూ,” అన్నాడు తవుడు. “నీ మోకాలికి దెబ్బ తగులుతాదని.”

దాలినాయుడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఉక్రోషం ముంచుకొచ్చింది నాకు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, పెద్దదాన్నై ఉండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నూకాలు చరచరా జరుగుతూ నా దగ్గరికి వచ్చింది. “నాను ఒప్పుకోలేదత్తా. నాను లేనప్పుడు చేసేరు.” తరవాత గీత అవతలికి వెళ్ళి, నాకు ఎదురుగా చేతులు చాచుకుని కూర్చుంది. “రా. ఈసారి నాను పట్టుకుంటాను.”

వెళ్ళాను. పట్టుకుంది. రెండు చేతులతో నడుం దొరకబుచ్చుకుని కదలనివ్వలేదు. ఆ చేతుల్లో అంత బలం ఉందని నాకు తెలీదు. కూత తెగింది.

“పైడత్త అవుట్,” అన్నాడు తవుడు.